నాలుగేళ్లు, నాలుగు బరువులు: చినుకు అనే పిల్లి కేసు

విశాఖపట్నంలో కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేస్తుంటాను. ఇప్పుడు రాస్తున్న కేసు అరుదైనదేమీ కాదు. పదేళ్లు దాటిన పిల్లుల్లో కిడ్నీ జబ్బు మేం తరచూ చూసేదే. అయినా మొదటినుంచి చివరిదాకా రాయాలనిపించింది. ఇంట్లో వాళ్లు పడే టెన్షన్‌కి ఒక పని అప్పగిస్తే వైద్యం ఎంత తేలికవుతుందో ఈ కేసులో దగ్గర్నుంచి చూశాను. పైగా ఇందులో నా పొరపాటు ఒకటి ఉంది. అది వదిలేసి మిగతాది రాస్తే న్యాయం కాదు. పిల్లిని పెంచుకున్నావిడ అనుమతితోనే రాస్తున్నాను. ఆవిడ రిటైరైన స్కూలు టీచరు, అందుకని టీచరు గారు అనే అంటాను. పిల్లి పేరు మార్చడానికి మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు.

పేరు చినుకు. ఆడపిల్లి, నాటు జాతి, నలుపూ తెలుపూ. వీధిలో దొరికిన పిల్లులకి వయసు అంచనాగా చెప్పుకోవడమే కానీ చినుకు విషయంలో ఆ ఇబ్బంది లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఇక్కడ తీరం దాటింది. మర్నాడు పొద్దున పెదవాల్తేరులో టీచరు గారి వీధి చివర, కూలిన చెట్టు కొమ్మల కింద, తడిసి ముద్దై దొరికింది. కళ్లు ఇంకా నీలంగానే ఉన్నాయట. అంటే అప్పటికి నెల, నెలంబావు వయసు. కరెంటు లేని ఆ రోజుల్లో టీచరు గారు దాన్ని పాత స్వెటర్‌లో చుట్టి, ఇంక్ ఫిల్లర్‌తో పాలు పట్టి బతికించారు. మరుసటి ఏడు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. అప్పట్నుంచి ఏటా జూన్‌లో టీకాకి మా దగ్గరికి తెస్తారు.

2025 జూన్ మూడో వారంలో మాత్రం టీకా కోసం రాలేదు. భయపడి వచ్చారు.

ముందు చూసింది చేపలావిడ

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల చేపల వేట నిషేధం ఉంటుంది. టీచరు గారి ఇంటికి జాలారిపేట నుంచి ఒకావిడ తట్టలో చేపలు తెచ్చి అమ్ముతుంది. ఆ రెండు నెలలూ ఆవిడ రాలేదు. నిషేధం అయ్యాక మొదటిసారి గుమ్మంలో తట్ట దించి, ఎప్పట్లాగే కాళ్ల దగ్గరికి వచ్చిన చినుకు వీపు మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేసిందట.

"ఏటమ్మా, పిల్లి ఇలాగ సిక్కిపోనాది? తిండి ఎట్టడం మానీసినారేటి?"

ఆ మాటకి టీచరు గారికి కోపం వచ్చింది. తర్వాత తను కూడా వీపు తడిమి చూశారు. వెన్నుపూసలు జపమాల పూసల్లా ఒక్కొక్కటీ వేలికి తగిలాయి. ఆ సాయంత్రమే ఆటోలో మా క్లినిక్‌కి వచ్చారు.

నేను అడిగినవాటికి ఆవిడ చెప్పిన జవాబులు విన్న వరసలోనే రాస్తాను. నీళ్లు ఎక్కువ తాగుతోందా? తాగుతోంది, ఈ ఎండలకి మనమే బిందెలు ఖాళీ చేస్తున్నాం కదా. తిండి? తగ్గింది, రెండు నెలలుగా పచ్చి చేపలు లేవు, ఎండు నెత్తళ్లు పొడిచేసి అన్నంలో కలిపి పెడుతున్నాం, ఆ ఉప్పుకి దాహం కూడా వేస్తోంది. వాంతులు? వారానికి ఒకసారి, వెంట్రుకల ఉండలేమో. కిటికీ గట్టు ఎక్కుతోందా? మానేసింది, వయసైపోయింది కదా. రాత్రి పూట? రెండు గంటలప్పుడు హాల్లో నిలబడి గట్టిగా అరుస్తోంది, పక్కవీధిలో గండుపిల్లి తిరుగుతోంది, దానికోసం అనుకున్నాం.

ప్రతిదానికీ ఒక కారణం ఉంది. విడివిడిగా చూస్తే ప్రతి కారణమూ నమ్మదగ్గదే. విశాఖలో జూన్ ఉక్కపోతలో ఏ ప్రాణికైనా దాహం వేస్తుంది, ఎండు చేప ఉప్పగానే ఉంటుంది. చిక్కేమిటంటే, ఇవన్నీ ఒకే పిల్లిలో ఒకే ఎండాకాలంలో కలిసి వచ్చాయి. ఇంట్లో రోజూ చూసే మనిషికి రోజుకి రెండు గ్రాముల తగ్గుదల కనపడదు. రెండు నెలల తర్వాత చూసిన మనిషికి కనపడింది.

నా రిజిస్టరు

బల్లమీద బరువు 3.38 కిలోలు చూపించింది. పోయిన ఏడు ఎంతుందా అని పాత రిజిస్టరు తీశాను. 2024 జూన్‌లో 4.02. ఇంకో పేజీ వెనక్కి వెళితే 2023లో 4.36. అంతకు ముందు 2022లో 4.52. నాలుగూ నా చేతిరాతే. ఏ ఏడు బరువు ఆ ఏడు పేజీలో రాసి, టీకా వేసి పంపించాను. పక్కపక్కన పెట్టి ఒక్కసారీ చదవలేదు.

ఏదో ఒక ఏడు విడిగా చూస్తే 4.02 కిలోలు నాటు పిల్లికి మంచి బరువే. కానీ అదే పిల్లి రెండేళ్ల కిందట 4.52 ఉంది. అర కిలో పోయింది. అంటే పదకొండు శాతం. కిడ్నీ జబ్బు వచ్చే పిల్లుల్లో జబ్బు బయటపడటానికి రెండు మూడేళ్ల ముందే బరువు తగ్గడం మొదలవుతుందని మాకు తెలుసు. నేను పుస్తకంలో చదివిన విషయమే నా పుస్తకంలోనే రాసి ఉన్నా చూడలేకపోయాను. 2024లో "ఎండాకాలం కదా, కొంచెం తగ్గింది, ఫర్వాలేదు" అని టీచరు గారికి చెప్పింది నేనే. ఆ సంగతి ఆ సాయంత్రమే ఆవిడకి చెప్పాను. ఆ ఏడాదే మూత్ర పరీక్ష చేసి ఉంటే ఒక సంవత్సరం ముందు మొదలుపెట్టేవాళ్లం. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇద్దరం చూడలేదు బాబూ, ఇప్పుడు చూద్దాం" అన్నారు.

ఆ మాట నాకు తేలిగ్గా అనిపించలేదు. ఆ వారమే మా క్లినిక్‌లో ఏడేళ్లు దాటిన ప్రతి పిల్లికీ పాత బరువులన్నీ ఒకే కార్డు మీద, ఒకే వరసలో రాయించడం మొదలుపెట్టాం.

పరీక్ష

భుజాల మీద, వెన్ను పక్కన కండ కరిగిపోయింది. వెంట్రుకలు నడుం దగ్గర అట్టకట్టి ఉన్నాయి. ముసలి పిల్లి అక్కడ నాక్కోవడం మానేసిందంటే నడుం వంచితే నొప్పి అని అర్థం. వెనక కాళ్ల గోళ్లు పెరిగి, గచ్చు మీద నడుస్తుంటే టిక్ టిక్‌మని చప్పుడు వస్తోంది. గొంతు దగ్గర థైరాయిడ్ గడ్డ ఏదీ చేతికి తగల్లేదు. దవడ పళ్లకి గార పట్టి, చిగురు ఎర్రగా ఉంది. రెండు కిడ్నీలూ చేతికి చిన్నవిగా, గట్టిగా తగిలాయి.

బీపీ ఆ సాయంత్రం చూడలేదు. ఆటోలో పాతిక నిమిషాలు మద్దిలపాలెం ట్రాఫిక్‌లో అరుస్తూ వచ్చిన పిల్లికి, బయట రెండు కుక్కలు మొరుగుతుండగా బీపీ చూస్తే వచ్చే అంకె దేనికీ పనికిరాదు. మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకి, క్లినిక్‌లో ఎవరూ లేనప్పుడు రమ్మన్నాను. బుట్ట మీద కప్పడానికి ఇంట్లో వాడిన నూలు చీర ఒకటి, ఉతక్కుండా తెమ్మన్నాను.

పిల్లికి బీపీ చూడాలంటే ముందు మనం నెమ్మదించాలి. గదిలో ఫోన్లు ఆపేశాం. పిల్లిని బుట్టలోంచి బయటికి లాగకుండా, బుట్ట పైమూత తీసి అందులోనే ఉంచాం. చీర కప్పి పది నిమిషాలు ఊరికే కూర్చున్నాం. టీచరు గారు దాని చెవుల వెనక నిమురుతూ ఉన్నారు. ముందు కాలి చుట్టుకొలతలో 30 నుంచి 40 శాతం వెడల్పు ఉండే చిన్న పట్టీ కట్టి, పాదం కింద జెల్ రాసి, రక్తం పారే చప్పుడు వినిపించే డాప్లర్ అనే పరికరం పెట్టాను. ఆ చప్పుడుకి అది బెదరకుండా నేను హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. రక్తం పారే చప్పుడు సుయ్ సుయ్‌మని వినపడుతుంది, పట్టీ బిగిస్తే ఆగుతుంది, వదులుతుంటే మళ్లీ మొదలవుతుంది. మళ్లీ మొదలైన చోట ఉన్న అంకె రాసుకోవాలి. మొదటి రీడింగ్ వదిలేశాను. తర్వాతి అయిదూ 192, 188, 186, 190, 184. సగటు 188.

పిల్లికి 140 లోపు మామూలు. 160 దాటితే ఎక్కువ కింద లెక్క. 180 దాటితే కళ్లు, మెదడు, గుండె, కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం బాగా ఉంది. అయితే భయానికి కూడా బీపీ పెరుగుతుంది కాబట్టి అంకె ఒక్కదాన్నీ పట్టుకుని మందు మొదలుపెట్టడానికి మనసొప్పదు. కంటిలోకి చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది. గది చీకటి చేసి చూశాను. ఎడమ కంటి రెటీనా (కంటి లోపల వెనకవైపు, చూపునిచ్చే పొర) మీద ఆవగింజంత రక్తపు మచ్చలు రెండు, కుడి కంట్లో ఒక అంచున రెటీనా కొద్దిగా ఉబ్బి ఉంది. ఆటోలో భయపడితే ఒక్క పూటలో ఇలాంటి మచ్చలు రావు. ఇది చాలా రోజులుగా ఉన్న బీపీయే.

ఇంకొన్ని వారాలు ఆలస్యమైతే ఏమయ్యేదో చాలా ఇళ్లలో చూశాను. ఒకరోజు పొద్దున్నే పిల్లి నల్లగుడ్లు పెద్దవి చేసుకుని, తెలిసిన ఇంట్లోనే కుర్చీ కాళ్లకి తగులుకుంటూ తిరుగుతుంది. రెటీనా ఊడిపోయి రాత్రికి రాత్రి చూపు పోయిందన్నమాట. బీపీ సంగతి చాలామందికి తెలిసేది ఆ రోజే. రాత్రి రెండింటికి హాల్లో అరుపులు గండుపిల్లి కోసం కావు.

రక్తం, మూత్రం అదే రోజు తీశాం. మూత్రం పొట్ట మీదనుంచి సన్నటి సూదితో తీసి, చిక్కదనం, ప్రొటీను చూసి, ఇన్ఫెక్షన్ ఉందేమో తెలియడానికి కల్చర్ పరీక్షకి పంపాం. మూత్రం చిక్కదనం 1.016. పిల్లుల పూర్వీకులు ఆఫ్రికా ఎడారి అంచుల అడవిపిల్లులు. నీళ్లు దొరకని చోట బతికిన జాతి కాబట్టి వాటి కిడ్నీలు మూత్రాన్ని బాగా చిక్కబరుస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి అది 1.035 పైన ఉంటుంది. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడగట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) 2.6, ఫాస్ఫరస్ 5.6, పొటాషియం 3.7, మూత్రంలో ప్రొటీన్ నిష్పత్తి 0.3. షుగర్ మామూలు, మూత్రంలోనూ లేదు. థైరాయిడ్ 2.1, మామూలే. థైరాయిడ్ తప్పకుండా చూడాలి. అది ఎక్కువైనా పిల్లి చిక్కిపోతుంది, నీళ్లు తాగుతుంది, రాత్రిళ్లు అరుస్తుంది, బీపీ పెరుగుతుంది. పైగా కిడ్నీ జబ్బుని లోపల దాచేస్తుంది కూడా. కల్చర్‌లో ఏమీ రాలేదు. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ చిన్నబడి, అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. రాళ్లు లేవు.

రెండు వారాల తర్వాత మళ్లీ చూస్తే క్రియాటినిన్ 2.5. కిడ్నీ జబ్బు దశ ఒక్క రిపోర్టుతో నిర్ణయించకూడదు, పిల్లి నిలకడగా ఉన్నప్పుడు రెండుసార్లు చూడాలి. 1.6 నుంచి 2.8 మధ్య ఉంటే రెండో దశ. కానీ క్రియాటినిన్ కండలోంచి వచ్చేది. చినుకుకి కండ కరిగిపోయింది కాబట్టి ఉన్న జబ్బు ఆ అంకెలో కనపడేదానికంటే కొంత ఎక్కువే ఉంటుందని లెక్కలో ఉంచుకున్నాను.

టీచరు గారు ఒక ప్రశ్న వేశారు. "రిపోర్టులో అంత తేడా లేదంటున్నారు, మరి పిల్లి ఇంత ఎందుకు చిక్కింది?" కిడ్నీల్లో మూడింట రెండొంతులు పోయేదాకా మూత్రం పలచబడదు, నాలుగింట మూడొంతులు పోయేదాకా రక్తంలో అంకె పెరగదు. మిగిలిన భాగం మొత్తం పని మోస్తూ వచ్చింది. రక్తంలో కనపడే రోజుకి జబ్బు చాలా దూరం వచ్చేసి ఉంటుంది. అందుకే ముసలి పిల్లికి రక్తం కంటే ముందు మూత్రం, మూత్రం కంటే ముందు బరువు చూడమంటాను.

సెలైన్ పెట్టండి డాక్టరు గారూ

కిడ్నీ అనగానే టీచరు గారి భర్త అడిగిన మొదటి మాట ఇదే. మనవాళ్లకి సెలైన్ అంటే గొప్ప నమ్మకం, సీసా వేలాడితేనే వైద్యం జరిగినట్టు. అమెరికాలో ఉన్న వాళ్లబ్బాయి కూడా వీడియో కాల్‌లో రోజూ చర్మం కింద ఫ్లూయిడ్స్ ఎక్కించాలని చెప్పారు. అది అబద్ధం కాదు. జబ్బు ముదిరి, తాగే నీళ్లు చాలక ఒళ్లు ఎండిపోతున్న పిల్లికి అది నిజంగా ప్రాణం పోస్తుంది. చినుకు పరిస్థితి అది కాదు. తనంతట తను తాగుతోంది, ఒంట్లో నీరు సరిపోయినంత ఉంది. బీపీ 188 ఉన్న పిల్లికి అవసరం లేని సెలైన్ ఎక్కిస్తే గుండె మీద భారం పడుతుంది. రోజూ సూది గుచ్చితే ఇంట్లో మనిషి కనపడగానే మంచం కింద దూరే పిల్లి అవుతుంది. అందుకని వద్దన్నాను. దానికి బదులు నీళ్ల గిన్నెలు మూడు చోట్ల పెట్టించాను, తిండిలో ఉప్పు వేయని చేప ఉడికించిన నీళ్లు పోయించాను. పెద్దాయన ముఖంలో అసంతృప్తి పోలేదు. నాలుగు రోజుల పాటు ఫోన్ చేసి అదే అడిగారు. నాలుగుసార్లూ అదే చెప్పాను.

మందు ఒక్కటే మొదలుపెట్టాం, బీపీ తగ్గించే అమ్లోడిపిన్. పిల్లికి మోతాదు 0.625 మిల్లీగ్రాములు, అంటే 2.5 మిల్లీగ్రాముల మాత్రలో సరిగ్గా పావు వంతు. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాల్సి వచ్చింది. టీచరు గారి భర్త కూడా బీపీకి అదే మాత్ర వాడతారు, 5 మిల్లీగ్రాములది. రెండు స్ట్రిప్పులూ ఫ్రిజ్ మీద ఒకే డబ్బాలో ఉన్నాయి. ఆయన మాత్ర పిల్లి కడుపులోకి వెళ్తే ఎనిమిది రెట్లు. చినుకు మాత్రలకి వేరే డబ్బా, వేరే గది పెట్టించాను. మాత్ర కొయ్యడం టీచరు గారికి మొదట రాలేదు, పొడి పొడి అయ్యేది. తర్వాత కొత్త బ్లేడు, కింద తెల్ల కాగితం పెట్టుకుని నాలుగు ముక్కలు సమానంగా వచ్చేలా నేర్చుకున్నారు. వెన్న రాసిన ముక్కని పెదవి పక్కనుంచి లోపలికి జార్చి, గొంతు కింద నిమిరి, వెంటనే చెంచాడు నీళ్లు పట్టిస్తారు. మాత్ర గొంతులో అంటుకుంటే పుండు పడే ప్రమాదం ఉంది, ఆ చెంచాడు నీళ్లు మరవకూడదు.

పది రోజుల్లో బీపీ 154కి దిగింది. రాత్రి అరుపులు అంతకు ముందే, ఆరో రోజునుంచే తగ్గాయి.

నొప్పి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కిటికీ గట్టు ఎక్కడం మానేసింది వయసు వల్ల కాదు, కీళ్ల వల్ల. పన్నెండేళ్లు దాటిన పిల్లుల్లో ఎక్స్‌రే తీస్తే పదింట తొమ్మిదింటికి ఎక్కడో ఒకచోట కీలు అరుగుదల కనపడుతుంది. కాలు నొప్పిగా ఉందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ చుక్క వేద్దామా అని టీచరు గారు మొదటి రోజే అడిగారు. అడిగినందుకు నిజంగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ మందుని విరిచి బయటికి పంపే ఏర్పాటు పిల్లి కాలేయంలో దాదాపు లేదు. మనకి జ్వరం తగ్గించే చిన్న మాత్ర పిల్లిని చంపుతుంది. ఇక్కడ మినహాయింపు లేదు, చిన్న మోతాదు అనే మాటా లేదు.

మందులకంటే ముందు ఇల్లు సర్దాం. కిటికీ కింద ఒక పీట, దాని పక్కన స్టూలు. ఇసుక ట్రేకి ఒక వైపు అంచు నాలుగు వేళ్ల ఎత్తుకి కోసేశారు. గోళ్లు నెలకోసారి కత్తిరించడం. మూడో వారంలో చినుకు మళ్లీ గట్టు మీద కూర్చుని కాకుల్ని చూస్తున్న ఫోటో పంపారు.

తిండి దగ్గర వచ్చిన గొడవ

ఇక్కడ నేను తొందరపడ్డాను. బీపీ దిగింది కదా అని కిడ్నీ డైట్, అంటే కిడ్నీ జబ్బున్న పిల్లుల కోసం ఫాస్ఫరస్ తగ్గించి చేసే తిండి, మొదలుపెట్టించాను. పదేళ్లుగా కవళ్లు, కానాగంతలు లాంటి చేపలు ఉడకబెట్టి కలిపిన అన్నం తిన్న పిల్లి. వారం రోజుల్లో మార్చేయమన్నాను, అది తక్కువ సమయం. నాలుగో రోజు రాత్రి పదకొండు గంటలకి ఫోన్. "నిన్న మధ్యాహ్నం నుంచి ముట్టుకోలేదు బాబూ. కడుపు మాడ్చి చంపేస్తున్నానా?"

పిల్లి పస్తుండటం కుక్క పస్తుండటం లాంటిది కాదు. రెండు రోజులు తిండి లేకపోతే ఒంట్లో కొవ్వు కాలేయంలో చేరి అదే ప్రాణం మీదికి వస్తుంది. కిడ్నీ డైట్ మంచిదే, కానీ తినని కిడ్నీ డైట్ కంటే తినే చేప అన్నం వెయ్యి రెట్లు మేలు. ఆ రాత్రే ఫ్రిజ్‌లో ఉన్న కానాగంత ఒకటి ఉప్పు లేకుండా ఉడికించి, ముల్లు తీసి, గోరువెచ్చగా పెట్టమన్నాను. పిల్లి ముక్కుతో తింటుంది, చల్లటి తిండికి వాసన రాదు. పది నిమిషాల్లో గిన్నె నాకేసిందని మెసేజ్ వచ్చింది.

తర్వాత అయిదు వారాలు తీసుకున్నాం. మొదటి వారం పాత తిండిలో ఒక్క చెంచా కొత్తది. తిన్నాకే రెండో చెంచా. ఎండు నెత్తళ్లు పూర్తిగా ఆపేశాం. ముల్లుతో సహా పొడి చేసే ఎండు చేపలో ఉప్పు ఒక్కటే కాదు, ఫాస్ఫరస్ కూడా చాలా ఉంటుంది. కిడ్నీ జబ్బుని ముందుకి తోసేది ఆ ఫాస్ఫరసే. రెండో దశలో అది 4.6 లోపు ఉండాలి. ఉడికించిన గుడ్డు తెల్లసొన అప్పుడప్పుడూ పెట్టుకోమన్నాను, మాంసకృత్తులు ఉంటాయి, ఫాస్ఫరస్ చాలా తక్కువ. మాంసకృత్తులు మొత్తానికే మానిపించాలని చాలామంది అనుకుంటారు. పిల్లి మాంసాహారి. అవి మరీ తగ్గించేస్తే మిగిలిన కండ కూడా కరుగుతుంది.

సెప్టెంబరుకి ఫాస్ఫరస్ 4.4. దాన్ని తగ్గించే మందు వాడాల్సిన అవసరం రాలేదు.

టీచరు గారి రాత్రులు

జూలై రెండో వారంలో చినుకు బాగానే ఉంది, టీచరు గారు బాగా లేరు. కళ్ల కింద నలుపు. రాత్రి మూడుసార్లు లేచి పిల్లి ఊపిరి తీస్తోందా అని పొట్ట మీద చెయ్యి పెట్టి చూస్తున్నారు. పన్నెండింటికి, రెండున్నరకి, నాలుగున్నరకి. అది లేచి వెళ్లిపోతోంది, ఈవిడ వెనకే వెళ్తున్నారు. "నాకు తెలుసు ఇది తప్పని. కానీ అప్పుడు చూడలేదు కదా, ఇప్పుడైనా చూడకపోతే ఎలా?"

ధైర్యం చెబితే పోయే భయం కాదది. ఒకసారి నిజంగా చూడకపోవడం జరిగింది, అందులో నా వాటా కూడా ఉంది. అందుకని భయపడొద్దని చెప్పలేదు. ఏం చూడాలో, ఎప్పుడు చూడాలో చెప్పాను. ముప్పై ఏళ్లు హాజరు పట్టీ రాసిన మనిషి కదా, రెండొందల పేజీల నోటుబుక్ ఒకటి కొనమన్నాను.

ఊపిరి లెక్క వారానికి ఒకరోజు చాలు. గాఢ నిద్రలో ఉండగా దూరంనుంచి, చెయ్యి వేయకుండా, నిమిషం పాటు పొట్ట లేచి దిగడం లెక్కపెట్టాలి. 30 లోపు ఉంటే పుస్తకంలో రాసి పడుకోవాలి. వరసగా 30 దాటుతుంటే నాకు ఫోన్ చెయ్యాలి. నీళ్లు నెలకి ఒకసారి, వరసగా మూడు రోజులు కొలవాలి. టీచరు గారు ఇక్కడ నాకే ఒక పాఠం చెప్పారు. ఫ్యాన్ గాలికి ఆరిపోయే నీళ్ల సంగతేమిటని, అలాంటిదే ఇంకో గిన్నె పిల్లికి అందకుండా అలమర మీద పెట్టి, అందులో తగ్గినంత లెక్కలోంచి తీసేశారు. మొదటిసారి కొలిచినప్పుడు రోజుకి 270 మిల్లీలీటర్లు వచ్చింది. 3.4 కిలోల పిల్లికి అది కిలోకి 80 దాకా పడుతుంది. 50 లోపు ఉండాలి. ఇది ఇక పెద్దగా తగ్గదని, తగ్గక్కర్లేదని, ఉన్నట్టుండి మారితేనే చెప్పమని వివరించాను.

బరువు మాత్రం ప్రతి ఆదివారం. మనుషులు బరువు చూసుకునే మిషన్ మీద పిల్లిని ఎత్తుకుని నిలబడి, అందులోంచి మన బరువు తీసేస్తే వంద గ్రాములు అటూ ఇటూ పోతుంది, చినుకు విషయంలో ఆ వంద గ్రాములే ముఖ్యం. చేపలావిడ దగ్గరున్నట్టి ఎలక్ట్రానిక్ కాటా ఒకటి పూర్ణా మార్కెట్‌లో కొన్నారు. ముందు ఖాళీ టబ్ పెట్టి సున్నా నొక్కాలని, ఆ తర్వాతే పిల్లిని కూర్చోబెట్టాలని చూపించింది కూడా ఆ జాలారిపేట ఆవిడే.

నోటుబుక్ మొదలైన మూడో వారానికి టీచరు గారు రాత్రి ఒక్కసారే లేస్తున్నారు. ఆగస్టు చివరికి అదీ మానేశారు. నేను వైద్యుణ్ణి పిల్లికే గానీ, ఈ కేసులో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే.

నవంబరు

సెప్టెంబరులో, బీపీ నిలకడగా ఉందని తేలాక, మత్తు ఇచ్చి పళ్లు శుభ్రం చేశాం, పాడైన దవడ పన్ను ఒకటి తీశాం. మత్తులో ఉన్నంతసేపూ బీపీ చూస్తూ, ఫ్లూయిడ్ పెట్టే చేశాం. సెలైన్ సీసా చూసి పెద్దాయన తృప్తిగా తల ఊపారు. తినడం ఆ తర్వాత ఇంకాస్త బాగుపడింది.

నవంబరు మొదటి వారం లెక్కలు ఇవి. బీపీ 148, క్రియాటినిన్ 2.5, ఫాస్ఫరస్ 4.3, బరువు 3.60. ఎడమ కంట్లో మచ్చలు కరిగి సన్నటి గుర్తులు మిగిలాయి. కుడి కంటి రెటీనా అతుక్కుంది. పోయిన కిడ్నీ భాగం తిరిగి రాదు. ఇప్పుడున్నదాన్ని నిలబెట్టడమే మా పని. ఇకనుంచి మూడు నెలలకోసారి బీపీ, రక్తం, మూత్రం చూస్తాం.

ఆ రోజు అన్నీ అయ్యాక, చీర మడత పెడుతూ, తలెత్తకుండా అడిగారు. "ఎన్నాళ్లు ఉంటుంది బాబూ?"

రెండో దశలో పట్టుబడి, బీపీ అదుపులో ఉండి, తింటున్న పిల్లులు రెండు మూడేళ్లు బతకడం మామూలేనని, అంతకంటే ఎక్కువ ఉన్నవీ చూశానని చెప్పాను. చినుకు ఎన్నాళ్లో మాత్రం చెప్పలేనని, తిండి మానేసి, నాక్కోవడం మానేసి, గట్టు ఎక్కడం మానేసే రోజులు ఎక్కువైతే ఆ నోటుబుక్‌లో ముందుగా మీకే తెలుస్తుందని, ఆ రోజు కష్టపెట్టకుండా ఏం చేయాలో కలిసి కూర్చుని మాట్లాడుకుందామని అన్నాను. ఆవిడ సరేనన్నారు. చీర బుట్ట మీద కప్పి, ఆటో పిలవమన్నారు.

మొన్న ఆదివారం పొద్దున్న ఒక ఫోటో పంపారు. గుమ్మంలో కాటా, దాని మీద నీలం టబ్, టబ్‌లో కాళ్లు ముడుచుకుని చినుకు. పక్కన చేపల తట్ట. కదలకుండా టబ్ అంచు పట్టుకున్న చెయ్యి చేపలావిడది, చేతికి ఇంకా పొలుసులు అంటి ఉన్నాయి. అంకె 3.62.